గోపాలపురపు తీరమున రాత్రి కొలువు

మా తాతగారు ఉద్యోగమునకై గోపాలపురపు రేవున ఓడ యెక్కి రంగూనునకు పోయిరి. నేను అదే గోపాలపురమున ఇంటిలో కూర్చుండి అమెరికావారి కొలువు చేయుచున్నాను. ఈ రెండింటిలో ఏది ఎక్కువ దూరమో నాకిప్పటికిని తేలలేదు.

పాఠకులలో బరంపురమువారు తప్ప తక్కినవారు ఈ ఊరు చూచి యుండకపోవచ్చును. బరంపురమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున సముద్రపుటొడ్డున నున్న చిన్న పట్టణమిది. ఒకప్పుడు ఇచ్చటినుండి బర్మాకు ఓడలు నడచెడివి. గంజాము జిల్లాలోని తెలుగువారును, ఒడియావారును కూలికై, కొలువుకై ఈ రేవుననే తరలిపోయిరి. 1942లో జపానువారు రంగూనును పట్టుకొనుటతో ఆ రాకపోకలు ముగిసినవి. పాత గోదాముల మొండిగోడలును, దీపస్తంభమును మిగిలియున్నవి. సెలవుదినపు సందడి తీరినపిమ్మట వీధిలో నడచువాని చెప్పుల చప్పుడు వినబడునంత నెమ్మది. ఇచ్చటి పల్లెకారులు, ఒడియాలో నోలియాలందురు, నేటికిని ఇంట తెలుగే మాటలాడుదురు. ఆ తెలుగు మనవారిలో కొందఱికి మోటుగా తోచవచ్చును. కాని 1936లో గంజాము ఒరిస్సాలో చేరిన తరువాత, బడి అండ పెద్దగా లేకుండగనే భాషను నిలుపుకొన్నవారు వారే యని నా అభిప్రాయము.

నేను పదునాలుగేండ్లు బెంగుళూరులో నుంటిని. 2020 మార్చిలో లాక్‌డౌను విధించుటకు నాలుగు దినములు ముందుగా భార్యను, బిడ్డను వెంటబెట్టుకొని వచ్చితిని. రెండు వారములకు సరిపడు బట్టలు తెచ్చుకొంటిమి. ఆ రెండు వారములు నేటికిని ముగియలేదు.

నా పని అమెరికాలోని ఆసుపత్రుల బిల్లులను సరిచూచుట. ఏ రోగమునకు ఏ సంకేతసంఖ్య వేసిరో, బీమా కంపెనీ దేనిని త్రోసివేసినదో చూడవలెను. అచ్చట తెల్లవాఱునప్పటికి మనకు సాయంకాలము. ఆఱున్నరకు లాప్‌టాప్ తెఱచినచో రాత్రి మూడింటికి మూయుదును. కరెంటు పోయినచో ఇన్వర్టరు, కేబులు తెగినచో సెల్‌ఫోను. అదియు అందకున్న మేడమీద నీళ్ల తొట్టి ప్రక్క ఒక మూల సిగ్నలు దొరకును. అచ్చట గొడుగు క్రింద కూర్చుండి ఒహాయోలోని ఒక ముసలమ్మ కంటి ఆపరేషను బిల్లు సరిచేసిన రాత్రియు కలదు.

ఒకనాటి వేకువ ఒడ్డునకు పోగా, వల సర్దుకొనుచున్న ముసలి పల్లెకారు ఒకడు, "ఏటి బాబూ, రాత్రల్లా మీ ఇంట దీపం ఎలుగుతాది. ఎవరికైనా ఒంట్లో బాగులేదేటి?" అని అడిగెను. సంగతి చెప్పితిని. అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే మీదీ మాలాగ రాత్రి వేటే" అనెను.

మా నాన్నగారు రిటైరయిన స్కూలు మాష్టరు. మా అమ్మాయికి బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ ఉన్నవి, తెలుగు లేదు. నాన్నగారే ప్రతిదినము సాయంకాలము ఐదింటికి పలకపై దిద్దించెడివారు. గుణింతములు ముగించి వత్తులలో ప్రవేశించిరి.

2022 ఆగస్టులో ఒక రాత్రి పదకొండు గంటలకు మీటింగులో ఉంటిని. ఇంటి శబ్దములు అవతలివారికి వినబడరాదని తలుపు గడియపెట్టి, హెడ్‌ఫోను తగిలించుకొనుట నా అలవాటు. ప్రక్కగదిలో నాన్నగారు మంచినీళ్లకు లేచి జారిపడిరి. రెండుమార్లు నన్ను పిలిచిరట. అమ్మకు చెవి మందము. భార్యయు బిడ్డయు మేడమీద నిద్రించుచుండిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట కాఫీకై తలుపు తీసితిని. తుంటియెముక విఱిగినది. ఆ విఱుపునకు మా లెక్కలలో వేయు సంకేతసంఖ్య నాకు కంఠస్థము.

వారు నన్ను నిందించలేదు. "పని మధ్యలో పిలిచానేమోరా" అని ఒకమారు మాత్రము అనిరి. డిసెంబరులో పోయిరి.

బెంగుళూరులో నున్నచో ఆ నాలుగు నెలలు వారి మంచము ప్రక్క నుండగలిగెడివాడను కాను. అది నిజమే. మా ముత్తాతగారు పోయిన వార్త రంగూనులోని తాతగారికి ఉత్తరముగా చేరునప్పటికి ఇచ్చట కర్మకాండ ముగిసినదట. వారికి అడ్డమైనది సముద్రము. నాకు అడ్డమైనది నేను వేసికొన్న గడియ.

తరువాత నా బల్లను ముందుగదికి మార్చితిని, తలుపు మూయను. అమ్మ కేకలు, వీధికుక్కల అఱపులు అన్నియు అమెరికాకు చేరుచున్నవి. ఒకనాడు అవతలి అధికారిణి, అది ఏ భాష యని అడిగినది. తెలుగంటిని. అయితే ఆంధ్రలో నున్నావా యనినది. లేదు, ఒడిశాలో. అయితే నీవు ఒడియావాడవా? ఈ ప్రశ్న వినని వారు మన కుటుంబములలో ఎవ్వరు? భువనేశ్వరములో జవాబు చెప్పితిమి, విశాఖపట్టణములో చెప్పితిమి. ఇప్పుడు ఒహాయోకును చెప్పవలసివచ్చినది. ఏడు నిమిషములు పట్టినది.

2023లో అందఱును బెంగుళూరునకు తిరిగి రావలెనని కంపెనీ ఉత్తరువు పంపినది. బ్రతిమాలగా, జీతములో ఐదవవంతు తగ్గించి ఇచ్చటనే ఉండనిచ్చిరి. స్నేహితులు వెఱ్ఱి యనిరి. లెక్క చూచినచో వారి మాటయే సరి కావచ్చును. అమ్మాయి కాలేజీ చదువు ముందున్నది. ఉప్పుగాలి కిటికీ ఊచలను తినివేయుచున్నది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఈ ఊరి దగ్గఱనే తీరము దాటినప్పుడు కూలిన ప్రహరీగోడ ఇప్పటికిని సగమే లేచినది.

ఐదింటి పాఠము ఇప్పుడు నా వంతు. నాన్నగారి నేర్పు నాకు లేదు. మొన్న అమ్మాయి, "తాతయ్య బండి ఱ చెప్తానన్నారు, నువ్వెందుకు చెప్పవు నాన్నా?" అని అడిగినది. ఆ అక్షరమును నేనే మఱచియుంటిని. నాన్నగారి పెట్టెలోని పాత వాచకము వెదకి తీసి దిద్దించితిని. ఆ అక్షరముతో ఏదైనా మాట వ్రాయుమనగా, కొంచె మాలోచించి పలకపై 'ఆఱున్నర' అని వ్రాసినది. ఆ గంటకు నేను లేచిపోదునని దానికి తెలియును.