పాతిక్కి ఇరవై నాలుగొచ్చినా తప్పాడా!

వదినా, మీవాడు పొద్దున్నించీ మూతి ముడుచుకుని తిరుగుతున్నాడేంటి? ఓహో, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సు ఫలితాలొచ్చాయా! అసైన్‌మెంట్లలో 25కి 24 తెచ్చుకుని, పరీక్షలో 75కి 27 దగ్గర ఆగిపోయాడా! అదే మరి, అక్కడ రెండింటికీ విడివిడిగా గీత ఉంటుంది. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి. కలిపితే 51 అయినా సర్టిఫికెట్ రాదు.

తిట్టకు గానీ, వారం వారం ఆ జవాబులు ఎక్కణ్ణించి వచ్చాయో ఒక్కసారి అడుగు. వాట్సాప్ గ్రూపులో ఎవడో పెట్టుంటాడు, అందరూ టిక్కులు కొట్టేసుంటారు. పన్నెండు వారాల కోర్సయితే బాగా చేసిన ఎనిమిదే లెక్కలోకొస్తాయి కూడానూ. వేలమంది చేరే కోర్సు, చేత్తో దిద్దడం ఎవరి తరం? మిషన్ దిద్దుతుంది. గడువు దాటాక సరైన జవాబులు పెడతారు కదా, వాటిని తెరిచాడేమో కనుక్కో. మార్కు చూసుకుని మూసేసుంటాడు. నేను పాఠాలు చెప్పే దూరవిద్య పిల్లలూ అంతే.

వాళ్లు కాగితం మీద రాసి, ఫోన్లో ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి పంపుతారు. ఒకదాని మీద ఫ్యాను రెక్క నీడ, ఇంకోటి అడ్డం తిరిగి ఉంటుంది, మెడ వంచి చదవాలి. మొన్నొకమ్మాయి రైతుబజార్ల మీద రాసింది. 1999లో మొదలయ్యాయి, దళారుల బెడద పోయింది, రైతుకీ కొనేవాళ్లకీ లాభం... గైడులో ఉన్నది ఉన్నట్టు దింపేసింది. ఇలాంటి వాటికి ‘బాగుంది, ఇంకా వివరంగా రాయాలి’ అని రాసేస్తారు చాలామంది. ఏం వివరం, వదినా? పాపం ఆ పిల్ల ఇంకో పేజీ నింపుతుంది.

నేనేం రాశానంటే: ‘దళారులు పోయారన్నావు. మీ రైతుబజార్లో అమ్మేవాళ్లలో పండించినవాళ్లెవరో, కొనుక్కొచ్చినవాళ్లెవరో ఎలా తెలుస్తుంది? టమాటా బోర్డు మీద ఎంత, బయట బండి మీద ఎంత? ఒకరోజు చూసొచ్చి రెండో పేరా మళ్లీ రాయి.’ మార్కు వెయ్యలేదు. నాలుగో రోజుకి మళ్లీ పంపింది. రెండు ధరలూ రాసింది. రైతు గుర్తింపు కార్డు ఒకాయన పేరు మీదుంటే దుకాణంలో ఇంకొకాయన కూర్చున్నాడట, అదీ రాసింది. ఆ పేరా నేను రాసినా అంత బాగా రాదు. ఇప్పుడు చాట్‌జీపీటీతో రాయించుకొచ్చే వాళ్లకీ ఇదే మందు. ఆ టమాటా ధరకి మాత్రం సంచీ పట్టుకుని వెళ్లాల్సిందే.

మార్కు వెయ్యకపోవడం నా సొంత తెలివేం కాదులే. 1988లో రూత్ బట్లర్ అని ఇజ్రాయెల్ ఆవిడ బడిపిల్లల మీద చేసి చూసిందది. ఒట్టి వ్యాఖ్య అందుకున్నవాళ్లు ముందుకెళ్లారు. మార్కూ వ్యాఖ్యా రెండూ అందుకున్నవాళ్లేమో ఒట్టి మార్కు వచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనబడ్డాక పక్కనున్న మాట ఎవరు చదువుతారు! డిగ్రీ పిల్లలు మాత్రం వేరే జాతా? మేం అసైన్‌మెంట్లు తీసుకునే సైటు మూడుల్‌లో ఫలానా తేదీ దాకా మార్కు దాచిపెట్టే వీలుంది. నాకు అందులో బాగా నచ్చింది అదొక్కటే.

రాసే ఓపిక లేనప్పుడు నిమిషం సేపు మాట్లాడి రికార్డు చేసి పంపిస్తా. ఒకబ్బాయి ‘థ్యాంక్స్ మేడం, మీ కుక్కరు మూడు విజిల్స్ వేసింది’ అని జవాబిచ్చాడు. చివరిదాకా విన్నాడనేగా!

మా అక్క ఇగ్నోలో చదివినప్పుడు అసైన్‌మెంట్లకి 30 శాతం, చివరి పరీక్షకి 70. దిద్దినవాళ్లు అంచుల్లో వ్యాఖ్య రాయాలన్నది అక్కడి పద్ధతి. ఒకాయన అక్క కాగితం నిండా ‘ఈ లెక్క ఎక్కడిది?’ అని రాసి పంపించాడు. ఇప్పుడావిడ మా బావ నెల జీతం లెక్క చెప్పినా అదే ప్రశ్న వేస్తుంది.

మా దగ్గర చిక్కల్లా గడువుతోనే. పిల్లలు అడిగినప్పుడల్లా పొడిగిస్తారు. కాగితాలన్నీ పరీక్షకి వారం ముందు గుట్టలా వచ్చి పడతాయి. అప్పుడు నేనెంత చక్కగా రాసినా పెళ్లయ్యాక జాతకం చూసినట్టే, ఆ పిల్ల దాన్నెక్కడ వాడుకుంటుంది? అందుకే నిన్న మీటింగులో అడిగేశాను, రెండో వారంలోనే ఒక పేజీ రాయిద్దాం, మూడో వారానికల్లా వ్యాఖ్యలు చేతికిద్దాం, తర్వాతవి కావాలంటే మిషనే దిద్దుకుంటుంది అని. ‘దిద్దేదెవరు మేడం?’ అన్నారు. పిల్లలు ఎనభై మంది, మేం నలుగురం. తలా ఇరవై, ఒక్కోదానికి ఐదు నిమిషాలేసుకున్నా గంటా నలభై నిమిషాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుంటే అయిపోతుంది. నా వంతు నేను ఒప్పేసుకున్నా. మిగతా ముగ్గురూ ఆలోచించి చెప్తామన్నారు.