ఘటోత్కచుడి పాట, మా బాపు గొంతు

పోయిన నెల మా చిన్నమ్మాయి పుణే నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, ఈసారి గణపతికి అందరం గడ్‌చాందూర్ వస్తున్నాం కదా, మనింటివాళ్ళమే మాయాబజార్ వేద్దామా? పాటలకి కరోకే ట్రాకులు దొరుకుతాయి" అంది. వేద్దాం అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు వరండాలోనే కూర్చుండిపోయాను.

మనింట్లో మాయాబజార్ ఇదివరకు ఒకసారి వేశాం. మీలో చాలామందికి తెలుసు. లడ్డూలు గాల్లో ఎగిరి బాపు నోట్లోకి వెళ్ళిన కథ పెళ్ళిళ్ళలో పదిసార్లు విని ఉంటారు. ఆ రాత్రి సంగతుల్లో ఒక్క ముక్క మాత్రం ఇన్నేళ్ళుగా నేనెవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

పిల్లల కోసం ముందు కొంచెం పాత సంగతి. మనది మంచిర్యాల. తాత అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు, బాపు అక్కడే ఫిట్టర్ పని నేర్చుకున్నాడు. 1980ల్లో గడ్‌చాందూర్ చుట్టుపక్కల సున్నపురాయి నేలల మీద ఒకదాని తర్వాత ఒకటి సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. పని తెలిసినవాళ్ళకి గిరాకీ ఉందని 1984లో బాపు మమ్మల్నందర్నీ తీసుకుని ఇటు వచ్చాడు. అమ్మ ఏడుస్తుంటే, "పరాయి దేశం గాదే ఇది. రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే" అన్నాడట. నిజంగానే ఇక్కడి బజార్లో ముసలివాళ్ళకి తెలుగు అర్థమయ్యేది. మాకు మరాఠీ రావడానికే కొంచెం టైం పట్టింది. చిన్నాయనని కాకా అనడం మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే కాబట్టి దాంతో మొదలుపెట్టాం.

1989 గణేశోత్సవం. నాకప్పుడు పదమూడేళ్ళు. కాలనీ మండపం దగ్గర పది రోజులూ ఏదో ఒక కార్యక్రమం ఉండేది. ఒక రాత్రి భజన, ఒక రాత్రి ఆర్కెస్ట్రా, రెండు మూడు రాత్రులు వీసీఆర్ తెచ్చి సినిమా. ఆ ఏడు తెలుగువాళ్ళకి ఒక సాయంత్రం ఇచ్చారు. అందరూ మాయాబజార్ క్యాసెట్ తెప్పిద్దామన్నారు. బాపు మాత్రం, "సినిమా ఎప్పుడైనా చూస్తం. మనమే ఆడుదాం" అన్నాడు.

అప్పుడు అందరూ నవ్వారట. 1957లో విజయా వాళ్ళు అంత ఖర్చుతో తీసిన సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే కెమెరా. ఆ మాయలన్నీ నాలుగు బల్లలు కలిపి కట్టిన స్టేజీ మీద ఎట్లా అని. బాపు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "సినిమా వాళ్ళు ఎక్కడ్నించి తెచ్చుకున్నరు? నాటకాలోళ్ళ దగ్గర్నుంచే గదా. మనం మళ్ళ తెచ్చుకుంటున్నం, అంతే."

ఆ మాట నిజమేనని పెద్దయ్యాక తెలిసింది. శశిరేఖా పరిణయం కథ సినిమా పుట్టకముందు నుంచీ మన రంగస్థలం మీద ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి కుటుంబాల వాళ్ళు మాయాబజార్‌ని తరాలుగా ఆడుతూనే ఉన్నారు. సినిమాలో ఎస్వీ రంగారావు కోసం మాధవపెద్ది సత్యం పాడిన పెళ్ళిభోజనం పాట కూడా అంతకుముందే నాటకాలవాళ్ళ నోట ఉన్నదే. నాటకం వెండితెరకెక్కడం, తెర మీంచి మళ్ళీ స్టేజీ దిగడం మనకి కొత్తేం కాదు. కె. ఆసిఫ్ 1960లో తీసిన మొఘల్-ఎ-ఆజమ్ సంగతీ అంతే. అనార్కలి కథని 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ నాటకంగా రాశాడు, అది తెరకెక్కింది, 2016లో ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ ఆ సినిమాని ముంబైలో మళ్ళీ స్టేజీ మీదికి తెచ్చాడు.

బాపు ముందు చేసిన పని సినిమాని కోయడం. మూడు గంటల కథ గంటన్నరకి రావాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, బ్రౌన్ అట్ట నోటుబుక్కులో ఏ సీను ఉంచాలి, ఏది తియ్యాలి అని రాసుకునేవాడు. పాటల్లో అయిదు ఉంచాడు. కథని ముందుకి నడిపే పాట ఉండాలి, కెమెరా నడిపే పాట వద్దు అన్నది ఆయన లెక్క. పడవలో వెన్నెల పాట కెమెరాదే, అయినా అమ్మ ఊరుకోలేదు. దాంతో అమ్మ నీలిరంగు చీర ఒకటి ఇచ్చింది, నేనూ తమ్ముడూ చెరో కొసా పట్టుకుని ఊపితే అదే యమున. ప్రియదర్శిని పెట్టె కోసం పాడైపోయిన టీవీ డబ్బా దొరికింది. లోపలి సామానంతా తీసేసి, వెనకాల అభిమన్యుడిని స్టూలు మీద కూర్చోబెట్టారు. లడ్డూలకి గాలపు నైలాన్ దారం.

శశిరేఖ మా అత్త కూతురు, పెద్ద వదిన. లక్ష్మణకుమారుడు పక్క క్వార్టర్ మరాఠీ అబ్బాయి. డైలాగులన్నీ దేవనాగరిలో రాసిస్తే బట్టీ పట్టాడు. వాడి ముద్దు తెలుగుకే జనం సగం నవ్వారు. ఘటోత్కచుడు బాపు. హార్మోనియం బాపు స్నేహితుడు, రాజురా నుంచి సైకిల్ మీద వచ్చే ఒక కాకా.

రిహార్సల్స్‌లో బాపుకి ఒక్కటే నియమం. టేప్‌రికార్డర్ నేర్చుకోవడానికే. పది సార్లు విను, ఇరవై సార్లు విను, స్టేజీ ఎక్కినంక మాత్రం నీ గొంతే. వదిన ఒకరోజు, "మామయ్యా, సినిమాలో అసలు శశిరేఖకి పి. లీల పాడింది, మాయా శశిరేఖకి సుశీల పాడింది. నాకేమో ఒక్కటే గొంతు, ఎట్లా?" అని అడిగింది. బాపు కాసేపు ఆలోచించి, "గొంతు ఒక్కటే ఉండనీ, నడక మార్చు. నాలెక్క నడువు" అన్నాడు. వదిన బాపులాగా ఛాతీ విరుచుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచింది. మేం పడీ పడీ నవ్వాం. నాటకం రోజు సాంబ్రాణి పొగలో బాపు లోపలికి వెళ్ళి వదిన ఆ నడకతో బయటికొస్తే, ఇంకేం చెప్పక్కర్లేకుండానే జనానికి అర్థమైపోయింది.

నా పని మైక్‌సెట్ దగ్గర. సీన్ల మధ్య ఖాళీ వస్తే క్యాసెట్ వెయ్యాలి, గంట కొట్టగానే ఆపాలి.

ఆ సాయంత్రమంతా వాన. బాపుకి రెండు రోజులుగా జలుబు. మిరియాల కషాయం తాగుతూ, "ఏంగాదు" అంటూనే ఉన్నాడు. ముందు సీన్లు బాగానే గడిచాయి. పెళ్ళిభోజనం పాట వచ్చింది. బల్ల మీద అరిసెలు, గారెలు, లడ్డూలు. బాపు గద భుజాన వేసుకుని మొదలుపెట్టాడు. మొదటి పైసంచారానికే గొంతు జీరపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, ఈసారి ఊపిరే వచ్చింది. హార్మోనియం కాకా అక్కడక్కడే తిప్పుతున్నాడు. ముందు వరసలో ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు.

మధ్యాహ్నం రిహార్సల్‌కి వాడిన క్యాసెట్ సరిగ్గా ఆ పాట మొదట్లోకి తిప్పి ఉంది. నేను బటన్ నొక్కాను.

మాధవపెద్ది గొంతు హారన్లలో మోగింది. జనం ఒక్క క్షణం ఆగి చప్పట్లు మొదలుపెట్టారు. బాపు తిరిగి నా వైపు చూశాడు. కోపం కాదు, ఏమిటో నాకు తెలియలేదు. వెంటనే పెదాలు కలిపాడు. పాటలో ఆ పెద్ద నవ్వు వచ్చినప్పుడు మాత్రం, నవ్వు హారన్లోంచి ముందు వచ్చింది, బాపు నోరు ఒక్క రవ్వ ఆలస్యంగా తెరుచుకుంది. ఆ నవ్వు బాపు నెలరోజులుగా ఇంట్లో సాధన చేసింది. పొద్దున్నే ఆ నవ్వుతోనే మమ్మల్ని నిద్ర లేపేవాడు.

పాట అయ్యాక "వన్స్ మోర్" అని అరుపులు. మైక్‌సెట్ అతను తనే రీల్ వెనక్కి తిప్పాడు. రెండోసారి బాపు ఎక్కడా తప్పలేదు.

నాటకం అయ్యాక అందరూ నా భుజం తట్టారు. "పోరడు సమయానికి కాపాడిండు" అన్నారు. మరాఠీ కాకూ ఒకావిడ నాకు మోదకం పెట్టింది. బాపు రంగు కడుక్కుంటూ ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు. మరుసటి ఏడు కమిటీవాళ్ళు వచ్చి, "ఈసారి పాటలన్నీ క్యాసెట్ మీదే పెడదాం, బాగుంది, కష్టం లేదు" అంటే, "మీరు వేసుకోండి, నాకు షిఫ్టులు కుదరవు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. నేను షిఫ్టుల వల్లనే అనుకున్నాను. అనుకోవడం సులువు కాబట్టి అట్లా అనుకున్నానేమో కూడా.

పెద్దయ్యాక చూసిన నాటకాల్లో ఆ రాత్రి నా వెంటే వచ్చింది. మన చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఝాడీపట్టీ నాటకాలు మీకు తెలుసు. దీపావళి దాటాక పంటల కాలంలో వడసా నుంచి బయల్దేరే కంపెనీలు రాత్రంతా ఆడతాయి. వాద్యాలవాళ్ళు స్టేజీ ముందే కూర్చుంటారు, నటులే పాడతారు. ఒకసారి చలికాలంలో హీరోయిన్‌కి గొంతు పట్టేసింది. తబలా అతను లయ తగ్గించాడు, ఆమె పాటని మాటలా చెప్పేసింది. రెండు వేలమంది కదలకుండా విన్నారు. నేను పదమూడేళ్ళప్పుడు చేసింది అప్పుడర్థమైంది. హార్మోనియం కాకా అక్కడక్కడే తిప్పుతున్నది బాపు ఊపిరి అందుకోవడానికే. ఇంకో అర నిమిషం ఆగాల్సింది.

హైదరాబాద్‌లో సురభి వాళ్ళ మాయాబజార్ చూసినప్పుడు కూడా అంతే. మాయలన్నీ కళ్ళ ముందే జరిగాయి, పాటలు వాళ్ళే పాడారు. మొఘల్-ఎ-ఆజమ్ నాటకంలోనూ నౌషాద్ పాటలు నటులే స్టేజీ మీద పాడతారు. లయన్ కింగ్ 1994లో బొమ్మల సినిమా. 1997లో దాన్ని న్యూయార్క్‌లో స్టేజీకి తెచ్చినప్పుడు సింహం ముసుగుని మొహానికి తొడగకుండా తల పైన పెట్టారు, కింద మనిషి మొహం కనబడుతూనే ఉంటుంది. మన లడ్డూ దారాలు కూడా ట్యూబ్‌లైట్ వెలుగులో తళతళా మెరిశాయి. ఎవరికీ అడ్డం రాలేదు. జనం వచ్చింది సినిమాని మళ్ళీ చూడ్డానికి కాదు, పక్క క్వార్టర్ ఫిట్టర్ ఘటోత్కచుడైతే ఎట్లా ఉంటాడో చూడ్డానికి.

అమ్మాయి ఫోన్ వచ్చిన మర్నాడు అటక మీంచి బాపు ట్రంకుపెట్టె దించాను. బ్రౌన్ అట్ట నోటుబుక్కు దొరికింది. సీన్లు, సామాన్ల లెక్క, లడ్డూల ఖర్చు అన్నీ ఉన్నాయి. చివరి పేజీల్లో పైన "గణపతి 1990" అని రాసి ఉంది. అంటే ఆ తర్వాతి ఏడు కోసం రాసుకున్నది. కింద పాటల పేర్లు, ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో శ్రుతి. పెళ్ళిభోజనం పాట పక్కన ఇట్లా ఉంది: "క్యాసెట్ శ్రుతి నాది కాదు. రెండు మెట్లు దించాలె. నవ్వు కింద నుంచి మొదలు."

బాపు మళ్ళీ ఆడాలనుకున్నాడు. ఎట్లా పాడాలో కూడా తేల్చుకున్నాడు. కమిటీ వచ్చి క్యాసెట్ అంటే వెనక్కి తగ్గాడు. ఆయన పోయి పన్నెండేళ్ళైంది, ఈ మాట అడగడానికి లేదు. అడిగినా "ఏంగాదు" అనే అనేవాడు.

అమ్మాయికి ఆ పేజీ ఫోటో తీసి పంపాను, ఆ రాత్రి నేను బటన్ నొక్కిన సంగతితో సహా. సాయంత్రానికి జవాబొచ్చింది. కరోకే ట్రాకులు నేర్చుకోవడానికే అట, స్టేజీ మీద ఉండవట. తెలుగు చదవడం రాని పిల్లలకి డైలాగులు దేవనాగరిలో తనే రాస్తుందట. ప్రియదర్శినికి మాత్రం పాత టీవీ డబ్బా కావాలట, ఫోన్ వద్దట. ఘటోత్కచుడు ఎవరని అడిగితే, "ఇంకెవరు, నువ్వే" అంది. నా గొంతు బాపు గొంతు కంటే అధ్వాన్నం. పాత హార్మోనియానికి బెల్లోస్ చిరిగాయి, చంద్రపూర్‌లో బాగు చేయిస్తున్నాను. రెండు మెట్లు సరిపోవు, నాకు మూడు దించాలి.

వచ్చేవాళ్ళందరూ చవితికి రెండు రోజుల ముందే వస్తే రిహార్సల్‌కి వీలవుతుంది. వదిన, నీ నడక నేర్పాల్సింది నువ్వే, మోకాళ్ళ నొప్పులని తప్పించుకోవద్దు. 1989 నాటి ఫోటో ఒక్కటైనా ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి. మా దగ్గరున్నది ఒకటే. అందులో లడ్డూ, గద, బాపు మోచెయ్యి మాత్రమే పడ్డాయి.