బాంబులు కూల్చినవి, పలుగులు కూల్చినవి

ఇంగ్లండు నడిబొడ్డున, బర్మింగ్‌హామ్‌కు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవెంట్రీలో పుట్టిపెరిగిన పెద్దవాళ్ళు నలుగురు కలిస్తే మాట పాత ఊరి మీదికి మళ్ళుతుంది. ఫలానా కొట్టు ఏ మూల ఉండేది, ట్రాము ఎక్కడ మలుపు తిరిగేది, సినిమాహాలు పక్కన ఏముండేది అని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు సరిదిద్దుతారు. ఏ ఊళ్ళోనైనా ఉండేదే ఇది. అయితే కోవెంట్రీవాళ్ళు చెప్పుకొనే వీధుల్లో చాలావాటికి ఇవాళ నేల మీద ఆనవాలైనా లేదు. అవి ఎందుకు పోయాయన్న దానిలోనే అసలు కథంతా ఉంది.

మధ్యయుగంలో ఉన్ని, నేతబట్టల వ్యాపారంతో బలిసిన ఊరు అది. చుట్టూ ప్రాకారం, పన్నెండు ద్వారాలు ఉండేవి. 1662లో రెండో చార్లెస్ రాజు ఆ ప్రాకారాన్ని కూలగొట్టించాడు. ద్వారాల్లో రెండు మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి. ఏ దిక్కు నుంచి వచ్చేవారికైనా ముందు కనబడేవి మూడు చర్చిల శిఖరాలు. తర్వాతి కాలంలో పట్టు రిబ్బన్లు, గడియారాలు, ఆపైన సైకిళ్ళు, కార్లు ఆ ఊరికి అన్నం పెట్టాయి. నేటి సైకిలుకు మూలరూపమనదగ్గ రోవర్ సైకిల్ 1885లో ఇక్కడే తయారైంది. 1901లో జనాభా సుమారు 70 వేలు. 1931 నాటికి అది రెట్టింపు దాటింది. ఇన్ని ఫ్యాక్టరీలు వచ్చినా ఊరి మధ్యభాగం మాత్రం ఇరుకు సందులతో, కొయ్య ఇళ్ళతో పాతగానే ఉండిపోయింది. 1933లో ఇంగ్లండంతా తిరిగి చూసిన రచయిత జె.బి.ప్రీస్ట్‌లీ ఈ కార్ల ఊళ్ళో అంత పాతదనం మిగిలి ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు.

ఆ పాతదనానికి ఆయువుపట్టు బుచర్ రో. పేరుకు తగ్గట్టు అది మాంసం కొట్ల వీధి. కొయ్య చట్రాల మధ్య తడికెలు కట్టి, మట్టి మెత్తి, సున్నం పూసిన ఇళ్ళు. కింది అంతస్తు కంటే పై అంతస్తు వీధిలోకి ముందుకు పొడుచుకొచ్చేది. అటూ ఇటూ ఇళ్ళు అలా ముందుకు రావడంతో కింద నడిచేవారికి పైన ఆకాశం సన్నని చీలికలా కనబడేది. వీధి ఇరుకే, వెలుతురు తక్కువే, కార్లు బస్సులు పట్టే దారి కాదు. అందుకే 1936లో నగరపాలక సంస్థ దాన్ని కూల్చడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఆ చోటనే ట్రినిటీ స్ట్రీట్ అనే వెడల్పాటి రోడ్డు తెరిచారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలవనే లేదు. కోవెంట్రీ అనగానే బాంబులే గుర్తొచ్చే జనం ఈ వీధిని కూడా జర్మనుల ఖాతాలో వేయడం చాలా తేలిక. కానీ దాన్ని పడగొట్టింది ఊరివాళ్ళే.

1940 నవంబర్ 14 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో మొదలైన జర్మన్ విమానాల దాడి మర్నాడు తెల్లవారే దాకా సాగింది. ఐదు వందలకు దగ్గరగా విమానాలు వచ్చిపడ్డాయి. 550 మందికి పైగా చనిపోయారు. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. సెయింట్ మైకేల్ కెథీడ్రల్ కప్పు కాలి లోపలికి కూలింది. బయటి గోడలు, గోపురం, శిఖరం మాత్రం నిలబడ్డాయి. బ్రాడ్‌గేట్ కూడలి నుంచి పడమరకు సాగే స్మిత్‌ఫర్డ్ స్ట్రీట్ ఊరికి ప్రధాన బజారు. అదీ ఆ రాత్రే పోయింది. ఆ రాత్రి ఆగిన ట్రాములు మళ్ళీ నడవలేదు. ఆ తరం వారి జ్ఞాపకాలన్నీ ‘ఆ రాత్రికి ముందు, ఆ రాత్రి తర్వాత’ అని రెండుగా చీలిపోవడంలో వింత లేదు.

అయితే కొత్త ఊరి ఆలోచన బాంబుల కంటే ముందుదే. యుద్ధానికి కాస్త ముందు నగర వాస్తుశిల్పిగా చేరిన డొనాల్డ్ గిబ్సన్ 1940 మే నెలలోనే, అంటే దాడికి ఆరు నెలల ముందే, రేపటి కోవెంట్రీ ఎలా ఉండాలో ఒక ప్రదర్శన పెట్టి జనానికి చూపించాడు. బాంబులు అతనికి స్థలం ఖాళీ చేసి ఇచ్చాయి. స్మిత్‌ఫర్డ్ స్ట్రీట్ ఉన్నచోట కార్లు రాని, మనుషులు మాత్రమే నడిచే అంగళ్ళ ప్రాంగణం లేచింది. దాని పేరు ప్రిసింక్ట్. బండ్లు రాని బజారుకు జనం వస్తారా అని వ్యాపారులు భయపడ్డారు. దాన్ని గీసినవారు చేసిన చక్కని పని ఒకటుంది. ప్రాంగణపు నడిమి గీతను కెథీడ్రల్ శిఖరానికి సూటిగా పెట్టారు. పడమటి కొసన నిలబడి చూస్తే, వరుస అంగళ్ళ మధ్యనుంచి ఆ శిఖరం కనబడుతుంది. పాత ఊరికి ఇంత మర్యాద చేసిన ప్రణాళికను పాతను పాతరేసిందని తిట్టడం న్యాయం కాదు. 1990 ప్రాంతాల్లో ఆ దృశ్యానికి అడ్డంగా ఎస్కలేటర్ కట్టారు. మూడు దశాబ్దాల తర్వాత తప్పు దిద్దుకుని దాన్ని తీసేశారు.

1950ల్లో పిల్లలుగా ఉన్నవారికి ఈ ప్రిసింక్టే ‘పాత ఊరు’. 1949లో ఆవిష్కరించిన, ఈ ఊరి పాత గాథలో గుర్రమెక్కే లేడీ గొడైవా విగ్రహం, గంట గంటకూ గొడైవా గుర్రమెక్కి బయటికి వస్తే పై కిటికీలోంచి అదే గాథలోని టామ్ తొంగిచూసే బ్రాడ్‌గేట్ హౌస్ గడియారం, 1962లో కొత్త కెథీడ్రల్ ప్రతిష్ఠ వారి చిన్ననాటి ముచ్చట్లు. తాతకు పరాయిగా తోచిన ఊరు మనవడికి సొంతం. ఆ మనవడు పెద్దవాడై, తన కళ్ళ ముందే ఆ కాంక్రీటు పడిపోతుంటే బాధపడతాడు. పాత ఊరు తలుచుకునేవారి మధ్య వచ్చే పేచీల్లో సగం ఇలాంటివే. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాకపోతే ఇరవై ఏళ్ళ తేడాతో.

కవి ఫిలిప్ లార్కిన్ 1922లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. రైల్వే స్టేషన్ దగ్గర అతని కుటుంబం కాపురమున్న మూడంతస్తుల ఇల్లు బాంబుదాడుల నుంచి బయటపడింది. 1960ల్లో ఊరి చుట్టూ రింగ్‌రోడ్డు వేస్తూ దాన్ని పడగొట్టారు. ఆ రోడ్డు 1974లో పూర్తయింది. అది పాత స్పాన్ స్ట్రీట్‌ను రెండు ముక్కలుగా కోసింది. యుద్ధం వదిలేసిన కొయ్య ఇళ్ళు కూడా శాంతికాలంలో ఎన్నో పోయాయి. ఆ దశాబ్దాల తొందరపాటును క్షమించడం కష్టం. చివరికి మేలుకున్న నగరపాలక సంస్థ, మచ్ పార్క్ స్ట్రీట్ వంటి చోట్ల మిగిలిన ఇళ్ళను కొయ్యకు కొయ్య విప్పి, తెచ్చి స్పాన్ స్ట్రీట్‌లో నిలబెట్టింది. అందుకే ఇవాళ ఆ వీధిలో పక్కపక్కన నిలిచిన ఇళ్ళన్నీ ఒకప్పుడు ఇరుగుపొరుగువి కావు. అయినా కట్టెలపాలు కావడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

భవనాలే కాదు, ఊరి చప్పుళ్ళూ పోయాయి. ఫ్యాక్టరీ కూత వేయగానే గేట్లలోంచి సైకిళ్ళ మీద వరదలా వచ్చే కార్మికులు లేరు. ట్రయంఫ్ కార్ల కర్మాగారం 1980లో మూతపడింది. ఆ మరుసటి ఏడే కోవెంట్రీ కుర్రాళ్ళ బృందం ‘ది స్పెషల్స్’ పాడిన ‘ఘోస్ట్ టౌన్’ దేశమంతా మారుమోగింది. జాగ్వార్ కార్ల తయారీ బ్రౌన్స్ లేన్‌లో 2005లో ఆగింది. అదే ఏడు ఫుట్‌బాల్ జట్టు వందేళ్ళు దాటిన హైఫీల్డ్ రోడ్ మైదానాన్ని వదిలింది. ఆ కర్మాగారాల్లో పనిచేయడానికి పంజాబు నుంచి వచ్చి ఫోల్స్‌హిల్ పేటలో స్థిరపడిన కుటుంబాల జ్ఞాపకాలు కూడా ఈ ఊరివే.

1940కి ముందటి ఊరిని కళ్ళారా చూసినవారు ఇప్పుడు చాలా కొద్దిమంది, తొంభై పైబడినవారు. ఇకమీదట ఆధారం ఫొటోలు, హెర్బర్ట్ మ్యూజియంలో దాచిన కాగితాలు, ఇంట్లో విన్న మాటలు. ఏ వీధి, ఏ ఏడు, కూల్చిందెవరు అన్న మూడు సంగతులు చెప్పని జ్ఞాపకం మెల్లగా కట్టుకథ అవుతుంది.

కోవెంట్రీ విశ్వవిద్యాలయానికి చదువుకోసం వెళ్ళే తెలుగు పిల్లలకు పాత కెథీడ్రల్ పక్కనే ఉంటుంది. వారు ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని అక్కడినుంచి పడమరకు నడవాలి. బేలీ లేన్‌లో 1340ల నాటి గిల్డ్‌హాల్, గ్రేఫ్రయర్స్ లేన్‌లో బాంబు పడ్డాక పాత కొయ్యలతోనే తిరిగి నిలబెట్టిన ఫోర్డ్స్ హాస్పిటల్ అనే 1509 నాటి వృద్ధాశ్రమం, ఆపైన బ్రాడ్‌గేట్, ప్రిసింక్ట్, చివరికి స్పాన్ స్ట్రీట్ వస్తాయి. అంతా కలిపి సుమారు కిలోమీటరు. దారిలో ముసలివారెవరైనా మాట కలిపితే బుచర్ రో గురించి అడగండి.