మునిగే ఊరికి తలుపు

"మునిగే ఊరికి తలుపు బాగుచెయ్యడమేంటిరా?" అన్నాడు మా అయ్య.

మాది వర రామచంద్రపురం మండలంలో గోదావరి ఒడ్డు ఊరు. మేం కొండరెడ్లం. పోలవరం ముంపు జాబితాలో మా ఊరు ఉంది. జాబితాకెక్కిన ఊళ్లకు ఒక జబ్బు పడుతుంది. ఎవరూ ఏదీ బాగుచేసుకోరు. గోడ పగిలినా, దూలం వంగినా, మంచం కోడు ఊగినా ఒకటే మాట: "ఎట్టాగూ పోయేదే కదా." ఆ మాట వింటూ పెరిగిన పిల్లలు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరదను అయ్య చూశాడు. అందుకే ముందే మమ్మల్ని గుట్టమీదికి ఎక్కించాడు. మేం దిగొచ్చేసరికి ఇల్లంతా ఒండ్రు. గోడ ఒక పక్క కూలింది. మా తాత ఏగిస చెక్కతో చేసిన తలుపు మాత్రం నిలబడే ఉంది. కాకపోతే నీళ్లు తాగి ఉబ్బింది, మూసుకోదు. నీలం రంగు పెచ్చులు లేచాయి, సందుల్లో బురద. అప్పట్నుంచి రాత్రిపూట గోనెపట్టా కట్టుకుని పడుకున్నాం.

నేను ఆశ్రమ పాఠశాలలో పంతులుని. మరుసటి ఎండాకాలం సెలవులకు వచ్చేటప్పుడు 1,800 రూపాయలు పెట్టి ఒక సాండర్ మిషను కొనుక్కొచ్చాను. అరచేతిలో ఇమిడేంత చిన్నది. అడుగున మెత్తటి దిండు, రెండు పక్కలా కాగితాన్ని పట్టే క్లిప్పులు. గరుకు కాగితం షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క దానికి సరిపోతుంది. పెద్ద శక్తేమీ లేదు. దిండును చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు వేగంగా కదిలిస్తుంది, అంతే.

మొదటి రోజే మూడు తప్పులు చేశాను. మీరు చెయ్యకుండా ఉంటారని చెప్తున్నాను.

మొదటి తప్పు, తొందర. మేం సరిగా ఆరబెట్టలేదు. తడి చెక్కమీద మిషను పెడితే పొట్టు కాగితానికి ముద్దలా అతుక్కుపోయింది. మూడు కాగితాలు పాడయ్యాక తలుపు విప్పి, నీడలో రెండు పక్కలా గాలి తగిలేలా రాళ్లమీద పరిచాను. ఎండలో పెడితే పైన త్వరగా ఆరి లోపల ఆరక పగులుతుందని అయ్యే చెప్పాడు. మూడు వారాలు పట్టింది. ఆరాక సందుల్లోని ఒండ్రుని బ్రష్‌తో దులిపాను, లేచిన మేకుల్ని లోపలికి దించాను. ఇసుక ఉంటే కాగితం పదును పోతుంది. మేకు తల తగిలితే చిరిగిపోతుంది.

రెండో తప్పు, బలం. నొక్కితే త్వరగా అవుతుందనుకున్నాను. నొక్కితే దిండు కదలడం తగ్గుతుంది, మిషను వేడెక్కుతుంది, ఒకచోట గుంట పడుతుంది. మిషను బరువే చాలు, చెయ్యి దారి చూపించాలి. చెక్క చారల వెంట మెల్లగా నడపాలి, ఒకచోట ఆపకూడదు. కాగితం వెనక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80తో మొదలుపెట్టి, 120, ఆ తర్వాత 180. మధ్యలో ఒకటి వదిలేస్తే ముందు కాగితం గీతలు నూనె పూశాక బయటపడతాయి.

మూడో తప్పు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆ నీలం రంగుమీద నేరుగా మిషను పెట్టాను. నీలి దుమ్ము లేచింది. పక్కనే మా చెల్లెలి కూతురు ఆడుకుంటోంది, చేతినిండా జొన్నరొట్టె. ఆ రాత్రి సాండర్ గురించి ఫోనులో చదువుతుంటే తెలిసింది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చని. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం మిలియనుకు 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మా తలుపు రంగు నాకంటే పెద్దది. సీసం పిల్లల మెదడుకి చేటు. కొద్దిపాటి దుమ్మూ మంచిది కాదు. మరుసటి రోజు వాకిలి తడిపి, ఆ దుమ్మంతా తడిగుడ్డతో ఎత్తేశాను. మిగిలిన రంగుని మిషను ముట్టకుండా, నీళ్లు చల్లుకుంటూ, వాటర్ పేపరుతో చేత్తోనే రుద్దాను. నీళ్ల పని, కరెంటు పని ఒకేసారి పెట్టుకోకండి. మామూలు చెక్క పొట్టు కూడా తక్కువదేం కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కులో క్యాన్సర్ రావచ్చని ప్రపంచ స్థాయి పరిశోధకులు తేల్చిన సంగతి. మూతికి తువ్వాలు చాలదు, సరైన మాస్కు కావాలి. దాని ఖర్చు మిషను ఖర్చులో కలుపుకోండి.

ఆరినా తలుపు గడప దగ్గర ఇంకా పట్టేస్తోంది. అంచుమీద మిషను పెట్టి గంటసేపు రుద్దాను. నూలుపోగంత కూడా తగ్గలేదు. అయ్య అరుగుమీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చివరికి లేచి, అటకమీంచి తాత చిత్రిక తీసుకొచ్చాడు. వరదప్పుడు గుట్టమీదికి బియ్యంతో పాటు మోసుకెళ్లిన సామాన్లలో అదొకటని నాకప్పుడే తెలిసింది. బ్లేడు నూరి పదిసార్లు లాగాడు. పొరలు చుట్టలు చుట్టలుగా పడ్డాయి. తలుపు గడపలో కూర్చుంది.

"అది నున్నగా చేసేదిరా. తగ్గించేది కాదు," అన్నాడు.

లోపలివైపు తిప్పితే తాత బాడిస దెబ్బలు అలల్లా కనిపించాయి. మిషను పెడితే పావుగంటలో పోతాయి. పెట్టలేదు. ఆ పక్కన బురద మాత్రం తుడిచాను. తర్వాత రెండుసార్లు అవిసె నూనె పూశాం. ఆ నూనె గుడ్డల్ని ముద్దచేసి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టాలి.

సెలవులయ్యాక మిషను బడికి తీసుకెళ్లాను. బల్లల అంచులు లేచి పిల్లల చేతులకు పేళ్లు గుచ్చుకునేవి. మిషను నేనే పట్టాను. పిల్లలు చెక్కముక్కకి కాగితం చుట్టి చేత్తో రుద్దారు. ఆదివారానికి నాలుగు బల్లల చొప్పున ఐదు వారాలు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తన బల్లను చెంపతో తాకి చూసుకున్నాడు. మాస్టార్లకు ఒక మాట: కొత్త బల్లలకోసం కాగితాలు పెట్టండి, తప్పకుండా పెట్టండి. అవి వచ్చేదాకా పిల్లల చేతులకు పేళ్లు గుచ్చుకోనక్కర్లేదు.

అయ్య అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది. ఊరు ఉంటుందా పోతుందా అన్నది మన చేతిలో లేకపోవచ్చు. ఈ రాత్రి తలుపు మూసుకుని పడుకోవడం మన చేతిలో ఉంది. ఆ రోజే వస్తే, బందుల మరలు విప్పితే తలుపు మనతో వస్తుంది. బాగున్న తలుపునే ఎవరైనా మోసుకెళ్తారు. పాడైనదాన్ని వదిలేసి వెళ్తారు. "ఎట్టాగూ పోయేదే" అనుకుంటూ మనం వదిలేసినవన్నీ నీళ్లు రాకముందే పోయాయి.

మొన్న దసరాకి వెళ్లేముందు అయ్య ఫోన్ చేశాడు. పంట సంగతి చెప్పాడు, పరిహారం సంగతి చెప్పాడు. పెట్టేసేముందు అన్నాడు: "ఆ మిషను తెస్తావా? మంచం కోళ్లు గరుకెక్కాయి."