దూరపు కొండలూ, దగ్గరి దుమ్మూ

దూరపు కొండలు నునుపు అని మనకొక సామెత ఉంది. కోలారు బంగారు గనుల దగ్గరున్న సయనైడు దిబ్బలు మాత్రం దగ్గరికి పోయి చూసినా నునుపే. చాలా చోట్ల చెట్టూ చేమా లేకుండా, వాన కోసిన గాళ్ళతో, బూడిద రంగులో ఊరిని ఆనుకొని నిలబడి ఉంటాయి. సినిమా వాళ్ళకు అవంటే మహా మోజు. ఆండర్సన్‌పేటలో ఉండే మా అత్తకు మాత్రం గాలికాలం వచ్చిందంటే నీళ్ళ బిందెల మీద తడిగుడ్డ కప్పడమే పని. "ఈ కొండలు మాకూ దూరంగా ఉండింటే మేమూ బాగున్నాయనే అందుము" అనేది.

ఈ మధ్య మా ఆఫీసులో పర్యావరణ కమిటీ అని ఒకటి వేశారు. కాగితం రెండు వైపులా వాడండి, ప్లాస్టిక్ కప్పులు మానండి, కిటికీల్లో మొక్కలు పెట్టండి అంటూ సర్క్యులర్ వచ్చింది. మంచి మాటలే, కాదనను. కానీ అది చదువుతుంటే నాకు కె.జి.ఎఫ్. గుర్తుకొచ్చింది.

ఎందుకంటే పైపై పచ్చదనానికి ఆ గనుల్లో కొదవ లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని చేపట్టాక బంగళాలు, పూలతోటలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం అన్నీ వెలిశాయి. చిన్న ఇంగ్లండు అని ముద్దుపేరు కూడా వచ్చింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి 92 మైళ్ళ తీగ లాగి జలవిద్యుత్తు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో; గనులకు అంతకన్నా మూడేళ్ళు ముందే అందింది. పొగలేని కరెంటు, చుట్టూ తోటలు! ఈనాటి లెక్కన అయితే గోడకు తగిలించుకోవడానికి రెండు మూడు సర్టిఫికెట్లు వచ్చి ఉండేవి.

ఆ పక్కనే ఇంకో లెక్క ఉంది. రాయిని పిండిలా నలిపి, సయనైడు నీళ్ళతో బంగారాన్ని కరిగించి తీసుకొని, మిగిలిన పిండిని బయట పోశారు. నూట ఇరవై ఏళ్ళలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు. బయట మిగిలినవి 13 దిబ్బలు, దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు, వెయ్యి ఎకరాల పైచిలుకు నేల. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. దిబ్బలు మూతపడవు కదా. పేరు చూసి జనం సయనైడుకు భయపడతారు గాని, అది ఎండకూ గాలికీ చాలా వరకు విరిగిపోతుంది. మిగిలేది సన్నటి రాతి పొడి, అందులోని లోహాలు.

రాతి పొడి ఏం చేస్తుందో గని లోపలే తేలింది. 1940-46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 3,402 మందికి సిలికోసిస్ ఉన్నట్టు బయటపడింది. ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడే జబ్బు అది, మందు లేదు. ఉన్న ఉపాయమల్లా బెజ్జం వేసేటప్పుడే నీళ్ళు పట్టించి దుమ్ము లేవకుండా చేయడం, లోపలికి మంచి గాలి పంపడం. నన్నడిగితే గోల్ఫ్ మైదానపు పచ్చగడ్డి కన్నా ఆ తడి డ్రిల్లింగే అసలైన పర్యావరణ పని. అది పనిచేసే మనిషి ఊపిరి దగ్గర మొదలైంది.

ఈ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. జొహన్నెస్‌బర్గ్ దగ్గర ఇలాంటి దిబ్బలను 1970ల నుంచే తిరగదోడుతున్నారు. నాకు అభ్యంతరం లేదు. కాకపోతే దశాబ్దాలుగా పడి ఉన్న పొడిని కదిలిస్తే అది గాలిలోకి లేస్తుంది. నీళ్ళు చల్లడం, లారీల మీద పట్టాలు కప్పడం, ఖాళీ అయిన నేల మీద వెంటనే గడ్డి నాటడం - ఇవన్నీ కాంట్రాక్టు కాగితంలో ముందే రాసి ఉండాలి.

ఈ ఆలోచనలతోనే కమిటీకి మూడు ప్రశ్నలు రాసి పంపాను. మన జనరేటరు పొగగొట్టం వాచ్‌మన్ గది వైపే ఎందుకుంది? పాడైన కంప్యూటర్లు, బ్యాటరీలు ఎవరి పెరట్లో తేలుతున్నాయి? బాత్రూముల నీళ్ళు ఎటు పోతున్నాయి?

మూడో ప్రశ్నకు సమావేశంలో ఎవరికీ జవాబు తట్టలేదు. టీ ఇవ్వడానికి వచ్చిన హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు ట్రే పట్టుకొనే అన్నాడు: "మా నరసాపురం చెరువుకే గదా సార్ వచ్చేది!"

ఆయనది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగు. ఆయన చెప్పింది నిజమే. మా ఆఫీసు కోరమంగల వైపు. ఆ లోయ మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా అది. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. నీళ్ళొచ్చాక బావుల్లో ఊట పెరిగిందని రైతులు సంతోషించారు. శుద్ధి రెండు దశలతో ఆపకుండా మూడో దశ కూడా చేయాలని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఏ దశ అయినా, మనం తూములో పోసిన ఘాటు యాసిడ్లు, రంగునీళ్ళు ఎంత తక్కువైతే అంత మేలు.

మరుసటి వారం నేల తుడిచే మందు మారింది. సూపర్‌వైజరు గారిని కమిటీలో వేసుకున్నారు. పాత కంప్యూటర్ల లెక్క రాస్తున్నారు. జనరేటరు పొగగొట్టం సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది.