ఆరె, ఆకురాయి, సుద్దముక్క

మా నాయన ఆరె, మా చిన్నాయన ఆకురాయి, నా సుద్దముక్క. ఈ మూడూ ఒకే పనిలో కలిసింది ఒక ఆదివారం నాడు. ఆ పని పాత బండి ఇంజనుకి గాలి పోయే దారిని సాపు చెయ్యడం. చిన్న పనే. కానీ నేను చిన్నప్పట్నించీ దాచిపెట్టుకున్న ఒక సిగ్గు దాంతో బయటపడింది. అందుకే రాస్తున్నా.

మాది వేటపాలెం. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. బయటివాళ్ళకి వేటపాలెం అంటే జీడిపప్పు, మగ్గాలు, 1918లో మొదలైన సారస్వత నికేతనం. ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడని మా బళ్ళో పిల్లలకి నేనే చెబుతుంటా. మా నాయన చెప్పుల సంచీ భుజానేసుకుని దాని ముందునుంచి వేలసార్లు నడిచాడు. లోపలికి పోలేదు. ఆయనకి అక్షరం రాదు. ఆ పుస్తకాల మధ్య కూర్చుని డిగ్రీ పరీక్షలకి చదివింది నేను. మా ఇంటి మొత్తానికి డిగ్రీ చేసిన మొదటివాణ్ణి. డీఎస్సీ రాసి సర్కారు బళ్ళో సైన్సు మాస్టర్నయ్యాను.

ఒకటో తరగతిలో మా అమ్మ చెప్పి రాయించింది మొదలు డిగ్రీ దాకా, ప్రతి ఫారంలో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ‘కూలి’ అనే ఉంటుంది. చెప్పులు కుడతాడని నేను ఒక్కసారి కూడా రాయలేదు. కులం దాచడానికి కాదు. కుల సర్టిఫికెట్టు ఆ ఫారానికే పిన్ను కొట్టి ఉండేది. మాదిగోణ్ణని తెలిసినా పర్వాలేదు, ఆ పని మాత్రం తెలియకూడదనుకున్నా. ఎందుకో అప్పుడు నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

బడికి పోయి రావడానికి సెకండ్ హాండులో హీరో హోండా సీడీ 100 కొన్నా. నా పిల్లలకంటే, నా బళ్ళో పిల్లలకంటే పెద్దది ఆ బండి. ఇంటి అప్పు కట్టేవాడికి కొత్త బండి యాడొస్తుంది? దాంట్లో కార్బ్యురేటర్‌కీ ఇంజను హెడ్డుకీ మధ్య ఒక అల్యూమినియం వంపు గొట్టం ఉంటుంది. మానిఫోల్డు అంటారు. అది చీలింది. బజార్లో దొరికిన డూప్లికేటుది వేయించా. అప్పట్నించి బండికి లాగుడు లేదు. వెనక మా నాయన కూర్చుంటే వంతెన ఎక్కేటప్పుడు మూడో గేర్లో ఆయాసపడేది.

బిగించిన షెడ్డుకే తీసుకుపోయా. “గొట్టం బెజ్జం, హెడ్డు బెజ్జం ఒకదానికొకటి కలవడం లేదేమో, ఆకురాయితో సవరిస్తే సరిపోద్దేమో” అన్నా. ఆయన నవ్వి “మాస్టారూ, మీరు ఎవరబ్బాయి?” అన్నాడు. చెప్పా. “ఓహో, ఆయన కొడుకువా నువ్వు” అన్నాడు. ‘మీరు’ పోయి ‘నువ్వు’ రావడానికి అంతసేపే పట్టింది. “తోలు సంగతైతే మీ నాయన్నడుగు. ఇది అల్యూమినియం.” షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు కాదు, నా నవ్వే ఆ రాత్రి నన్ను నిద్రపోనియ్యలేదు.

ఆ రాత్రే ట్రంకుపెట్టె తెరిచి మా చిన్నాయన ఆకురాయి తీశా.

ఈ మోడలు బండి మొదట రోడ్డెక్కింది 1985లో. అదే ఏడాది జూలై 17న కారంచేడులో మావాళ్ళని తరిమి చంపారు. తాగే నీళ్ళని పాడుచెయ్యొద్దన్న మాట దగ్గర మొదలయ్యింది. ఆరుగురు పోయారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. దళిత మహాసభ అక్కడే పుట్టింది. అట్టా వచ్చినవాళ్ళలో మా అమ్మ చెల్లెలి భర్త ఒకడు. అప్పటిదాకా పాలేరు. చీరాలలో ఒక ఇంజన్ల షెడ్డులో కుదిరాడు. “కడుగు, అందియ్యి” - ఇదే ఆయన పని. ఏళ్ళ తరబడి కిరసనాయిలుతో సామాన్లు కడిగాడు. ఆకురాయి మాత్రం పట్టనియ్యలేదు. ఆయన తర్వాత చేరిన వేరే కులాల పిల్లకాయలు మెకానిక్కులైపోయారు. ఈయన కడుగుతూనే చూశాడు, చూస్తూనే నేర్చుకున్నాడు. అరిగిపోయిందని పారేసిన ఆకురాయి ఒకటి తెచ్చుకుని, చింతకర్ర పిడి వేసి, ఇంటి దగ్గర విరిగిన ముక్కలమీద చెయ్యి తిప్పుకున్నాడు. ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. పోయేముందు అది నాకిచ్చాడు. మాస్టరుకి ఇదెందుకని నేను పెట్టెలో పడేశా.

అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వివరించింది ఆ షెడ్డుకి పోయి చూస్తే అర్థమవుతుంది. అక్కడ విడగొట్టింది పనుల్ని కాదు, పనోళ్ళని.

ఆదివారం పొద్దున వసారాలో కూర్చుని గొట్టం ఊడదీశా. ప్యాకింగు షీటు ముక్కని హెడ్డుకి ఆనించి, జిడ్డు వేలితో బెజ్జం అంచు చుట్టూ ఒత్తా. అచ్చు పడింది. అచ్చు వెంబడి బ్లేడుతో కోసి, అదే షీటుని బోల్టు బెజ్జాలు కలిసేలా గొట్టం మొహం మీద పెట్టా. తేడా తెలిసిపోయింది. గొట్టం బెజ్జం ఒక పక్కకి ఒరిగి ఉంది. గోరుమందం మెట్టు.

గోరుమందమేగా అనుకోవద్దు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుందనుకోండి. రెండు చుట్లకోసారి లోపలికి పీలుస్తుంది. అంటే నిమిషానికి 3000 సార్లు, సెకనుకి 50 సార్లు. ప్రతిసారీ గాలీ పెట్రోలూ ఆ మెట్టుకి కొట్టుకుని సుడి తిరగాల్సిందే. ఈ లెక్క నేను నల్లబల్ల మీద చాలాసార్లు వేశా. మెట్టుని తాకింది అప్పుడే.

షీటు అంచు వెంట గీత గీయడానికి మేకు తీసుకున్నా. జారిపోతావుంది. మంచం మీదున్న నాయనకి రెండు కళ్ళలోనూ పొరలు. సరిగ్గా కనబడదు. మేకు జారే చప్పుడు విన్నాడు.

“దేంతో గీస్తున్నావు అబ్బయా?”

“మేకుతో నాయనా.”

“ఆరె తీసుకో. సంచీలో ఉంది.”

ఆ సంచీలో నేను చెయ్యి పెట్టడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆరె మొన ఆగినచోట ఆగింది, పోయినచోట పోయింది. వెంట్రుకంత గీత పడింది.

ఆకురాయి గుండ్రం పక్కతో మొదలుపెట్టా. ముందుకి తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. అల్యూమినియం మెత్తన. నాలుగు తోపులకే ఆకురాయి పళ్ళలో ఇరుక్కుపోయింది. ఇరుక్కున్న ముక్క గోడల మీద గాట్లు పెట్టుద్ది. పళ్ళకి సుద్ద రుద్దాలని చిన్నాయన ఎప్పుడో చెప్పాడు. చొక్కా జేబు తడిమితే శనివారం బళ్ళో మిగిలిన సుద్దముక్క చేతికి తగిలింది.

రెండు గంటలు పట్టింది. అయిపోయిందనుకున్నా. టార్చిలైటు వేసి చూస్తే ఎక్కడా మెట్టు లేదు. నాయన చెయ్యి చాచాడు. గొట్టంలోకి చూపుడువేలు పోనిచ్చి నిదానంగా తిప్పాడు. ఒకచోట ఆగాడు.

“ఇక్కడ గడప ఉందిరా.”

నా వేలు పెట్టా. ఏమీ తగల్లేదు.

“నీ వేళ్ళు మెత్తబడిపోయినయి. గోరు పెట్టి చూడు.”

గోరు టక్కున ఆగింది.

“అంచుని అంచుమీదే కోస్తే ఇంకో అంచు పుడతది. వెనక్కి పో. అక్కడ్నించి పల్చన జేసుకుంటా రా. తోలు మీద తోలు కలిపేచోట అట్టా చెయ్యకపోతే కాలికి రాసుకుని పుండు పడుద్ది. గాలికైనా అంతేగా.”

గాలికైనా అంతే. గాలి దారిలో మలుపు ఉండొచ్చు, గడప ఉండకూడదు. నేను బీయస్సీలో చదివింది అదే. ఆ మాట నాకంటే ముందు మా ఇంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

గరుకు కాగితంతో రుద్ది అద్దంలా మెరిపిద్దామనుకుని ఆగిపోయా. ఈ గొట్టంలో అద్దపు నునుపు పనికిరాదు. పెట్రోలు తడి గోడకి అంటుకుని జారకుండా మళ్ళీ గాలిలో కలవాలంటే కొంచెం గరుకుండాలి. బెజ్జం గీత దాటి పెద్దదీ చెయ్యకూడదు. పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి వేగం తగ్గి, ఉన్న లాగుడు కూడా పోద్ది. కిరసనాయిలుతో కడిగి, తర్వాత సబ్బునీళ్ళతో కడిగి, సైకిలు పంపుతో ఊదా. ఒక్క రజను లోపలికి పోయినా సిలిండరు గీసుకుపోద్ది. కొత్త ప్యాకింగుతో బిగించా.

బండేమీ గుర్రమైపోలేదు. నాయన్ని వెనక కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కితే మూడో గేర్లో ఆయాసం లేకుండా ఎక్కింది. అంతే. ఆ షెడ్డు ముందునుంచే పోయాం. ఆగలేదు.

ఇది చదివి కులవృత్తి గొప్పదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఆరెని మా నాయన ఎంచుకోలేదు. ఆకురాయిని ఎంచుకున్న చిన్నాయనకి ఆకురాయి ఇవ్వలేదు. నేను చెప్పేది ఒకటే. ఆ చేతుల్లో ఉన్న తెలివిని తెలివి కాదన్నారు. ఆ మాటని ప్రతి ఫారంలో ‘కూలి’ అని నేనే సంతకం పెట్టి ఒప్పుకున్నా.

ఈ ఏడు బడి తెరిచాక ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు చేరాడు. ఫారం నింపుతూ “మీ నాయనేం చేస్తాడురా?” అన్నా. నేలచూపులు చూస్తూ “కూలి సార్” అన్నాడు. ఆ చూపు నాకు తెలుసు. “ఏం కూలి?” అన్నా. చాలాసేపటికి “చెప్పులు కుడతాడు. అది రాయొద్దు సార్” అన్నాడు. రాయలేదు. వాడి సిగ్గు పోగొట్టాల్సింది వాడి ఫారం మీద కాదు. ఆ గడి ఖాళీగా ఉంచా.

మర్నాడు పాత చీలిన గొట్టాన్ని క్లాసుకి పట్టుకుపోయా. కళ్ళు మూసుకుని చీలిక ఎక్కడుందో చెప్పమన్నా. అందరూ వేళ్ళు పెట్టి తడిమారు. వాడి వంతు వచ్చింది. వేలు పెట్టాడు, తీశాడు. ఎవరూ చెప్పకుండానే గోరు పెట్టాడు.