పౌలు మొదట అడిగిన మాట

దరియాలతిప్పలో వల ఒడ్డుకు చేరాకే ఆడవాళ్ల పని మొదలవుతుంది. రొయ్య ఒక గంపలోకి, పీత ఇంకో గంపలోకి, పనికిరానిది ఇసుక మీదికి. మా పిన్ని అలా ఏరుతుంటే పక్కన కూర్చుని ఫోనులో ఒక భక్తి వీడియో చూస్తున్నాను. ఫలానా తేదీన ఉప్పెన వస్తుందని దేవుడు తనతో చెప్పాడంటున్నాడు ఒకాయన. పిన్ని తలెత్తకుండానే అడిగింది: "ఒరేయ్, అది నిజమేనంటావా?"

1996 నవంబరు తుఫానును చూసిన మనిషి ఆవిడ. ఉప్పెన మాట ఆవిడ దగ్గర తేలిగ్గా అనకూడదు.

మా ఇళ్లలో పుస్తకానికైనా సినిమాకైనా వేసే ప్రశ్న ఒక్కటే: బూతు ఉందా? లేకపోతే మంచిదే. దేవుడి పేరు కూడా ఉంటే ఇక అడగనే అక్కర్లేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనం మాత్రం ఆదివారపు బడి నుంచే అందరికీ కంఠతా వచ్చు. మనసు వేటి మీద నిలపాలో పౌలు అందులో వరుసగా చెప్పాడు. పవిత్రత ఆ వరుసలో నాలుగోది. న్యాయం మూడోది. సత్యం మొట్టమొదటిది. చెరసాలలో ఉండి రాసిన మనిషి ఆ వరుస ఊరికే పెట్టలేదని నా నమ్మకం, బోధకులు ఒప్పుకోకపోవచ్చు.

ఆ వరుసన చూస్తే ఉప్పెన వీడియో మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. 1978 నాటి 'కరుణామయుడు' సినిమా క్రిస్మస్‌కి మళ్లీ చూస్తాం, అందులో ఇబ్బంది లేదు. చిక్కల్లా జాషువా 'గబ్బిలం'తోనే. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. 1941 నాటి కావ్యం. "శివుడికి మొరపెట్టుకున్న పుస్తకం మనకెందుకు?" అంటారు మావాళ్లు. దాన్ని రాసిన చేయే 'క్రీస్తు చరిత్ర' కూడా రాసింది, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటలే ఎత్తి చెప్పాడని అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయంలో ఉంది. అంటరానితనం నిజం, దాని మీద ఆ కోపం న్యాయం. పౌలు వరుసలో రెండు మెట్లు అక్కడే ఎక్కేశాం.

మీ సంఘంలో యువకుల కూడిక ఉంటే 'గబ్బిలం' ఒకసారి పైకి చదివించండి. చిన్న పుస్తకమే.